తిట్ల తాత గల్లీ

నా చిన్నప్పుడు మా గల్లీకి పేరు లేదు. అది లోటని మాకెవరికీ తోచలేదు కూడా. చివరన మా ఇల్లు, గోడ పంచుకుని పక్కింటి అక్క వాళ్ళ ఇల్లు, ఎదురుగా మా తాతతో ఎన్నడూ పొసగని పెద్దమనిషి ఇల్లు, మూల మీద ఒక చేతి బోరింగు. ఎక్కడికి పోతున్నావని ఎవరైనా అడిగితే ఇంటికి అనేవాళ్ళం. గల్లీలో పుట్టి గల్లీలో తిరిగేవాడికి గల్లీ పేరుతో ఏం పని?

ఊరికి మాత్రం పేరుంది, చిన్న మంగళారం. ఆ పేరు వింటేనే నాకు ఒళ్ళు మండేది. పక్కన పెద్ద మంగళారం ఉంది కాబట్టి మాది చిన్నది. మొయినాబాదులో దిగి మంగళారం ఎటు అని అడిగితే ఎవరైనా ముందు పెద్దదాన్నే చూపిస్తారు. మాది అడగాలంటే మేము చిన్నవాళ్ళమని మా నోటితో మేమే ఒప్పుకోవాలి. మనది చిన్నదని ఎవరు పెట్టిండ్రు తాతా అని ఒకసారి అడిగితే, "ఇంకెవరు, పెద్ద మంగళారపోళ్ళు" అన్నాడు మా తాత. అమ్మ వైపు పోదామన్నా సుఖం లేదు. ఆమె పుట్టిల్లు శంకరపల్లి దగ్గర ప్రొద్దుటూరు. బడిలో ఆ మాట చెబితే కొత్తగా వచ్చిన సారు, "అబ్బో, మీ అమ్మ కడప జిల్లా నుంచి వచ్చిందా" అన్నాడు. కాదు సార్, మా ప్రొద్దుటూరు వేరే అంటే నవ్వాడు. ఉన్న ఊరు చిన్నది, అమ్మమ్మ ఊరు ఇంకెక్కడో ఉన్నది. ఇన్ని మాటలున్న భాషలో ఊరికో కొత్త పేరు పెట్టడానికి మనవాళ్ళకు ఏం అడ్డొచ్చిందో నాకు అర్థమయ్యేది కాదు.

నేను పెద్ద బడికి పోతున్న రోజుల్లో మాదాపూర్ వైపు అద్దాల మేడలు లేచాయి. అవి మా ఊరికి కనిపించేవి కావు గానీ వాటి సెగ మాకూ తగిలింది. జొన్న కోసిన చేలల్లో సున్నపు గీతలు పడ్డాయి. గీతల మధ్య రంగు జెండాలు, రోడ్డు మొదట్లో ఇనుప కమాను, కమాను మీద పేరు. మొయినాబాదు నుంచి చేవెళ్ల పోయే దారిలో ఆ కమాన్లు చదవడం బస్సులో నాకు ఆట. ఆ ఆట తొందరగానే విసుగు పుట్టించింది. సాయినగర్, బాలాజీ నగర్, హనుమాన్ నగర్, మళ్ళీ సాయినగర్, సాయినగర్ ఫేజ్ టూ, కొంచెం ముందుకు పోతే న్యూ సాయినగర్. అంతకు ముందు ఆ చేలకు ఒక్కోదానికి ఒక్కో పేరుండేది. పుట్టచేను, రేగళ్ళు, ఊటమడి, గుడ్డోని చెలక. భూమి అమ్మినవాళ్ళు ఆ పేర్లను కూడా కలిపి అమ్మేశారు. కొన్నవాళ్ళు వాటిని అడగనైనా అడగలేదు.

పక్కింటి అక్క ఆ రోజుల్లోనే చేవెళ్లలో డిగ్రీ ముగించింది. మెహదీపట్నం పోయి కంప్యూటరు కోర్సు కూడా నేర్చుకున్నది. మా గల్లీలో అంత చదివిన ఆడపిల్ల ఆమెనే. మాదాపూర్‌లో ఒక కంపెనీలో ఉద్యోగం వచ్చింది. పరాయి దేశపు దవాఖానల్లో డాక్టర్లు మాట్లాడిన మాటలు చెవిలో పెట్టుకుని విని, కంప్యూటరులో టైపు చేయాలి. ఆ పని ఏమిటో గల్లీలో ఒక్కరికి అర్థమైతే ఒట్టు. అయినా చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకున్నట్టు కూర్చుని అక్క మాకు నటించి చూపించింది. ఆ సంతోషం నేను ఆమె ముఖంలో మళ్ళీ చూడడానికి చాలా రోజులు పట్టింది.

అక్క వాళ్ళ బాపు చెడ్డవాడు కాదు, భయస్తుడు. కూతురు పట్నం పోయి వస్తానంటే ఆయనకు నిద్ర పట్టలేదు. చివరికి మా తాత ముందు కూర్చుని ఒక షరతు పెట్టాడు.

"బండి ఇంటి ముందరికి రావాలె కాకా. ఇంటి ముందర ఎక్కియ్యాలె, ఇంటి ముందర దించాలె. సడక్ మీద నిలవడి ఎదురు చూసుడు నా ఇంట్ల నడువది. బండి రాకుంటే నౌకరీ లేదు, ఇగ మళ్ల ఆ మాట ఎత్తొద్దు."

అక్క ఆ షరతుకు సంతోషంగా ఒప్పుకున్నది. కంపెనీ వాళ్ళే బండి పంపుతామన్నారు. చేవెళ్ల నుంచి కొందరు అదే కంపెనీలో పనిచేసేవాళ్ళు, వాళ్ళ కోసం తెల్ల సుమో ఎట్లాగూ ఆ రోడ్డున వస్తుంది, రోడ్డు దిగి మా ఊళ్ళోకి వచ్చి పోవడమే. మధ్యాహ్నం డ్యూటీ. అన్నం తిని, జడ వేసుకుని, మెడలో కంపెనీ కార్డు వేసుకుని అక్క వాకిట్లో నిలబడింది.

సుమో రాలేదు. అది పెద్ద మంగళారంలో ఉన్నది.

అప్పట్లో గల్లీ మొత్తానికి ఫోను మా ఇంట్లోనే. తాత సర్పంచిగా ఉన్నప్పుడు పెట్టించింది. డ్రైవరు ఎక్కడో ఫోను డబ్బా దగ్గర ఆగి మా ఇంటికి ఫోను చేసేవాడు, అక్క పరుగెత్తుకు వచ్చి దారి చెప్పేది. చిన్న మంగళారం అన్న, పెద్దది కాదు. ఊళ్ళోకి వచ్చినంక బోరింగు కాడ మలుగుండ్రి. ఏ బోరింగ్ మేడం, ఊరంతా బోరింగులే ఉన్నయ్ అనేవాడతను. హనుమండ్ల గుడి పక్కపొంటి రాండ్రి. మేడం, హనుమండ్ల గుడి లేని ఊరుంటదా. అతను చెప్పినదీ నిజమే. అక్కకు తెలిసిన గుర్తులన్నీ గల్లీలో పుట్టినవాళ్ళకు గుర్తులు, బయటివాడికి అవి ఏ ఊళ్ళోనైనా ఉండేవే. పైగా రోజుకో కొత్త డ్రైవరు. నిన్న దారి నేర్చుకున్నవాడు ఇవాళ ఇంకో రోడ్డున పోతాడు. మళ్ళీ మొదటి నుంచి చెప్పాలి. ఫోను పెట్టేసి అక్క పళ్ళు కొరికేది.

ఆఫీసులో ఎవరో ఆమెకు ఒక సలహా ఇచ్చారు. మీ వీధికి పేరు, ఒక బోర్డు ఉంటే కాగితంలో రాస్తాం, అప్పుడు డ్రైవర్లకు తిప్పలుండవు అన్నారు. అక్క ఆ మాట మా తాతతో చెప్పింది. మా తాతకు పేరు పెట్టడమంటే సర్పంచి పని మళ్ళీ దొరికినట్టే. ఆ సాయంత్రమే గల్లీ పెద్దలను మా అరుగు మీదికి పిలిచాడు.

ఆ పంచాయితీ నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టున్నది. మా తాత గొంతు సవరించుకుని, గల్లీకి తన తండ్రి పేరు పెట్టాలన్నాడు. "మా నాయన తవ్విచ్చిన బాయి నీళ్ళు తాగి పెరిగిండ్రు మీరంత." ఎదురింటి పెద్దమనిషి అప్పుడే కూర్చున్నవాడు లేచాడు. "బాయి తవ్విచ్చింది మీ నాయన. ఆ బాయికి జాగ ఇచ్చింది మా నాయన. జాగ లేకుంటే మీ నాయన గాలిల తవ్వుతుండెనా?" ఇక చూసుకోండి. వందేళ్ళనాటి జాగ, ఎప్పుడో ఎండిపోయిన బావి, ఎవరు ఎవరిని ఏ పెళ్ళికి పిలవలేదో ఆ లెక్క, అన్నీ అరుగు మీదికి వచ్చాయి. అక్క వాళ్ళ బాపు ఇద్దరి మధ్య తల అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు. అక్క స్తంభానికి ఆనుకుని నిలబడి గడియారం చూస్తున్నది. ఆమెకు ఎవరి నాయన పేరైనా ఒకటే, రేపు బండి రావాలి.

దీపాలు పెట్టే వేళకు ఇద్దరూ అలిసిపోయారు. నీ తండ్రీ వద్దు, నా తండ్రీ వద్దు, దేవుడి పేరు పెడదామన్నాడు అక్క వాళ్ళ బాపు. "దేవుని పేరయితే ఎవనికి నొయ్యది" అని మా తాత ఒప్పుకున్నాడు. హనుమాన్ నగర్ అని తేల్చారు. మన దగ్గర వాడవాడకూ ఇన్ని దేవుళ్ళ పేర్లెందుకున్నాయో నాకు ఆ సాయంత్రం అర్థమైంది. భక్తి అనుకున్నాను ఇన్నాళ్ళూ. కాదు, ఎదురింటివాడి నాయన పేరు పడకూడదన్న పంతం. దేవుళ్ళేమో కొద్దిమంది, పంతాలు ఊరూరా ఉన్నాయి. మరి అవే పేర్లు తిరిగి తిరిగి రాక ఏం చేస్తాయి.

రేకు మీద నీలి రంగు వేయించి తెల్లటి అక్షరాలతో బోర్డు రాయించారు. బోరింగు పక్కన పాతారు. కొబ్బరికాయ కొట్టారు. మరుసటి రోజు నుంచి మా కష్టాలు రెట్టింపయ్యాయి.

అంతకు ముందు మా బండి ఒక్కటే దారి తప్పేది. ఇప్పుడు మా బండి రోడ్డు మీది హనుమాన్ నగర్ కమాను దగ్గరికి పోయి నిలబడేది, ఆ హనుమాన్ నగర్‌లో ప్లాటు చూడడానికి పట్నం నుంచి వచ్చినవాళ్ళు మా బోర్డు చూసి మా గల్లీలోకి దూరేవాళ్ళు. కారు అద్దం దించి, ఇక్కడ ఈస్ట్ ఫేసింగ్ ఏముంది పెద్దాయనా అని మా తాతను అడిగేవాళ్ళు. ఆయన మధ్యాహ్నం పూట గల్లీలోకి మంచం వేసుకుని కూర్చునేవాడు. మంచం దాటకుండా ఏ బండీ లోపలికి పోలేదు, బయటికీ రాలేదు.

మా తాత తిట్ల గురించి చెప్పాలి. వాటిలో బూతు ఉండదు. మనిషిని కింద నుంచి పైకి ఒకసారి చూసి, తీరిగ్గా మొదలుపెట్టేవాడు. "బండికి ముందర గంత పెద్ద అద్దం పెట్టిండ్రు గద, అది దేనికిరా, నెత్తి దువ్వుకోనీకా? నీకు తొవ్వ చెప్పుడు కన్నా మా బర్రెకు చెప్పుడు నయం. అది పొద్దుమూకే సరికి ఇంటికన్న వస్తది." ప్లాట్లవాళ్ళనూ తిట్టేవాడు, ఎక్కడెక్కడో తిరిగి ఆలస్యంగా వచ్చిన అక్క సుమో డ్రైవర్లనూ తిట్టేవాడు. "ఆడపిల్ల ఎండల నిలవడ్డది. నువ్వు ఊర్లు జూస్కుంట తిరుగుతున్నవా, యాత్ర బోయినవా?" గొంతు బోరింగు దాటి, ఊరి మధ్య పంచాయతీ ఆఫీసు దాకా వినిపించేది. తిట్టడం అయ్యాక లోపలికి తిరిగి అవ్వను, మా నాయనమ్మను కేకేసి వాళ్ళకు మజ్జిగ ఇప్పించేవాడు. తిట్లు తిని, సల్ల తాగి, మూతి తుడుచుకుని డ్రైవర్లు పోయేవాళ్ళు.

తిట్లతో అక్క పని నడవదు కదా. ఆఫీసుకు పదే పదే ఆలస్యంగా పోయేసరికి పైన ఉన్న మేడం పిలిచి చెప్పేసింది. ఇంకొక్కసారి ఆలస్యమైతే సీటు వేరేవాళ్ళకు ఇస్తామన్నది. అక్క ఆ మాట వాళ్ళ బాపుకు చెప్పలేదు, మా అవ్వకు చెప్పింది, పొయ్యి ముందు కూర్చుని. ఏడుపు రాలేదు ఆమెకు. కట్టెపుల్ల తీసుకుని నేల మీద గట్టిగా కొడుతూ చెప్పింది. "నేను పని తప్పు చేస్తే తీసెయ్యమను అవ్వా. వాళ్ళు చెప్పింది ఒక్క మాట తప్పుపోకుండ రాస్తున్న. తొవ్వ దొరకలేదని తీసేస్తరట. ఊరు పేరు ఇంకోళ్ళకున్నది, గల్లీ పేరు ఇంకోళ్ళకున్నది, నేనేం జెయ్యాలె?" అవ్వ ఆమె చేతిలోంచి కట్టెపుల్ల తీసుకుని పొయ్యిలో పెట్టింది. నాకైతే ఆ బోర్డును పీకి బావిలో వేయాలనిపించింది.

మరుసటి మధ్యాహ్నం ఒక వింత జరిగింది. అక్క జడ వేసుకోవడం పూర్తి కాకముందే సుమో వచ్చి ఆమె వాకిట్లో ఆగింది. ఎప్పుడూ చూడని డ్రైవరు, కుర్రవాడు. ఎదురింటి పెద్దమనిషి అరుగు మీద ఉన్నాడు, మా తాత మంచం మీద ఉన్నాడు. తిట్టడానికి నోరు తెరిచిన తాత, టైము చూసి ఆగిపోయాడు.

"సీద వచ్చినవ్. ఎవరు చెప్పిండ్రు తొవ్వ?"

ఆ కుర్రవాడు చెప్పడానికి తటపటాయించాడు. తాత గద్దించాడు. "మా డ్రైవర్లే చెప్పిండ్రు పెద్దాయనా. మంగళారం, నగర్ అవన్ని పెట్టుకోకు, చిన్నూరికి పోయి తిట్ల తాత గల్లీ ఏదని అడుగు, చిన్న పోరడు గూడ చూపిస్తడన్నరు. అడిగిన. అందరు నవ్వుకుంట ఇటు చూపిచ్చిండ్రు."

ఎదురింటి అరుగు మీది నుంచి నవ్వు వినిపించింది. "మీ నాయన పేరు పెడదమంటివి. నీ పేరే పడ్డది గద. సంతోషమే."

నేను తాత ముఖం చూశాను. ఊళ్ళో ఆయన కనిపిస్తే జనం లేచి నిలబడేవాళ్ళు. ఏళ్ళ తరబడి సర్పంచి. ఆయన తండ్రి పేరు చెప్పుకుంటే నాలుగు ఊళ్ళలో మర్యాద. అదంతా పోయి, దారిన పోయే డ్రైవర్లు పెట్టిన పేరు ఒకటి మిగిలింది, అదీ నవ్వడానికి. ఆయన మంచం మీది నుంచి లేచాడు. భుజం మీది తువ్వాలు తీసి దులిపి, మళ్ళీ భుజాన వేసుకుని లోపలికి పోయాడు. అక్క బండి ఎక్కాలా వద్దా తెలియక కాసేపు నిలబడి, ఎక్కి పోయింది. టైముకు బండి వచ్చిన మొదటి రోజది. ఆ రోజు కూడా ఆమె నవ్వలేకపోయింది.

ఆ పూట తాత అన్నం తినలేదు. సంగతి ఊరంతా పాకింది. తాత మనసు నొచ్చుకున్నాడట అని తెలిసి ఊరివాళ్ళు సిగ్గుపడ్డారు. ఇక ఎవరూ ఆ పేరు నోటితో అనవద్దని వాళ్ళలో వాళ్ళే అనుకున్నారు. మంచిపని చేస్తున్నామనే అనుకున్నారు పాపం.

ఆ మరుసటి రోజు మా గల్లీలో మంచం లేదు. తాత ఫోనున్న నడిమింటి పక్క గదిలో పడుకున్నాడు, తలుపు ఓరగా వేసి ఉన్నది. సుమో టైము దాటింది. ఫోను మోగింది. నేను పరుగెత్తి అక్కను పిలుచుకొచ్చాను. ఆమె వెనకే వాళ్ళ బాపు కూడా వచ్చి గడపలో నిలబడ్డాడు. అప్పటికి మేడం చెప్పిన మాట ఆయనకూ తెలిసిపోయింది.

డ్రైవరు పంచాయతీ ఆఫీసు పక్క దుకాణం నుంచి మాట్లాడుతున్నాడు. గొంతు గట్టిది, మాకు కూడా వినిపిస్తున్నది. మేడం, నిన్నటాయన చెప్పిన పేరు అడిగిన, గసుంటి గల్లీ మా ఊర్ల లేదంటున్నరు అందరు. అసలు మీ గల్లీ పేరేంది?

అక్క హనుమాన్ నగర్ అన్నది. ఆ కమాను కాడి నుంచే వచ్చిన మేడం, అక్కడ కాదన్నరు. బోరింగు అన్నది. ఏ బోరింగు? అక్క ఓరగా వేసి ఉన్న తలుపు వైపు చూసింది. తరువాత గోడ వైపు తిరిగింది. ఫోను తీగను వేలికి చుట్టుకున్నది. తనకు ఊహ తెలిసినప్పటి నుంచి తాతా అని పిలిచిన మనిషి. ఆయనకు వినిపించేలా ఆ పేరు ఎట్లా అంటుంది?

"జల్ది చెప్పుండ్రి మేడం. బండ్ల మిగిలినోళ్ళు కూడ లేటయితున్నరు. లేకుంటే నేను పోత."

గడపలో నిలబడ్డ బాపు మెల్లగా అన్నాడు. "ఇగ సాలు తియ్యి బిడ్డా. ఎన్నొద్దులు గిట్ల. పెట్టెయ్యి ఫోను."

అక్క ఫోను పెట్టలేదు. చెవికి ఆనించుకునే ఉన్నది. దాన్ని రెండు చేతులా పట్టుకున్నది. నాకు అప్పుడు అందరి మీదా కోపం వచ్చింది. పేరు లేదన్న ఊరివాళ్ళ మీద, బోర్డు మీద, పడుకున్న తాత మీద కూడా.

తలుపు తెరుచుకున్నది. తాత వచ్చి అక్క చేతిలోంచి ఫోను తీసుకున్నాడు.

"యాడున్నవ్ రా? పంచాయతాఫీసు కాడ్నా? ఎవన్ని అడిగినవ్? వాన్నే మళ్ల అడుగు. తిట్ల తాత గల్లీ ఏదని అడుగు. లేదంటే, తాతనే ఫోన్ల ఉన్నడని చెప్పు." అవతలి నుంచి డ్రైవరు ఏదో అడిగాడు. "అవును, నేనే తిట్ల తాతను. రా."

నవ్వుతూ అనలేదు. కోపంతోనూ అనలేదు. తన పేరు ఎవరైనా అడిగితే చెప్పినట్టు చెప్పాడు. అక్క వాళ్ళ బాపు తల వంచుకుని గడపలోంచి పక్కకు జరిగాడు.

తాత బయటికి పోయి మంచాన్ని తానే ఈడ్చుకుంటూ ఈసారి గల్లీ మొదట బోరింగు దాకా తీసుకుపోయాడు. దాని మీద కూర్చుని తిట్టడం మొదలుపెట్టాడు. ఎదురుగా ఎవరూ లేరు. బోర్డును తిట్టాడు, బోర్డు రాసినవాణ్ణి తిట్టాడు, లోకంలోని హనుమాన్ నగర్లన్నిటినీ వరసపెట్టి తిట్టాడు. దేవుణ్ణి మాత్రం ఏమీ అనలేదు. ఆ గొంతు పట్టుకుని సుమో వచ్చేసింది. డ్రైవరు దిగి దండం పెట్టబోతే, "దండాలు తర్వాత, ముందు బండి తిప్పు" అన్నాడు. అక్క ఎక్కి కూర్చుని కిటికీలోంచి ఆయన వైపే చూస్తున్నది. ఆమెకూ తిట్లు పడ్డాయి. "ఏం జూస్తున్నవ్, పో. నీ తొవ్వకు నా గొంతు పాయె." సుమో మలుపు తిరిగేదాకా ఆయన అటే చూశాడు. ఎదురింటి అరుగు మీద ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

సాయంత్రం నేను ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని అడిగాను, ఆ పేరు మీద కోపం పోయిందా అని. పోలేదన్నాడు. మరెందుకు చెప్పావన్నాను. ఆయన బీడీ వెలిగించాడు.

"మా నాయన పేరు నాకు యాదికున్నది. బోర్డు మీద లేకుంటే మర్శిపోతనా? అది నా కోసం పెడదమనుకున్న. గల్లీకి నా కోసం పేరెందుకు, నాకు తొవ్వ తెల్వదా? పేరు వచ్చేటోనికి గావాలె బిడ్డా. వానికి దొరికిందే పేరు. మనకు నచ్చాలని యాడున్నది." బీడీ నేలకు రాసి ఆర్పి మళ్ళీ అన్నాడు. "గని జర మంచిది దొరికితే బాగుండు."

ఆ తరువాత ఆయన ప్రతి మధ్యాహ్నమూ బోరింగు దగ్గర మంచం వేసుకున్నాడు. తిట్టడానికి కారణం లేని రోజు కూడా సుమో వచ్చే వేళకు గొంతు సవరించుకునేవాడు. కొత్త డ్రైవరు వస్తే మరింత గట్టిగా తిట్టేవాడు, వాడు పోయి మిగిలినవాళ్ళకు చెప్పాలి కదా. ఒకసారి జ్వరం వచ్చి లేవలేకపోతే అవ్వను కూర్చోబెట్టాడు. అవ్వకు తిట్టడం రాదు. వచ్చినవాడిని అన్నం తిన్నవా నాయనా అని అడిగి పంపింది. లోపలి నుంచి తాత దగ్గుతూ ఆమెను తిట్టాడు, ఆ పూటకు అది సరిపోయింది. అక్క ఉద్యోగం నిలబడింది, మొదటి రోజుల సంతోషం ఆమె ముఖంలోకి తిరిగి వచ్చింది. ఆమె వెనక మా ఊరి నుంచి ఇంకొందరు ఆడపిల్లలు పోయారు, వాళ్ళ బండ్లన్నీ ఆ పేరు అడుగుతూనే వచ్చాయి. ఆయనకు ఆ పేరు చివరిదాకా నచ్చలేదు. ఎవరైనా పొగుడుతున్నట్టు అంటే ముఖం తిప్పుకునేవాడు.

నేను ఇప్పుడు చేవెళ్ల రోడ్డులోనే ఒక కాలనీలో ఉంటున్నాను. కాలేజీలో పాఠాలు చెబుతాను. మా కాలనీ పేరుతోనే ఆ రోడ్డు మీద ఇంకొన్ని కాలనీలున్నాయి. ప్రతి కాలనీలోనూ రోడ్ నంబర్ టూ ఉన్నది. ఫోనులో మ్యాపు పెడితే అది ఒకసారి ఇటు పొమ్మంటుంది, ఒకసారి అటు పొమ్మంటుంది. సామాను తెచ్చేవాళ్ళు ఎక్కడో నిలబడి ఫోను చేస్తే నాకు ముందు కోపమే వస్తుంది. గేటు మీద నల్లరాతి పలక పెట్టించుకున్నాను, దాని మీద నా పేరు, పేరు పక్కన కష్టపడి సంపాదించుకున్న డాక్టరేటు. అది చదివితే చాలు కదా అని నా ఏడుపు.

మొన్న ఒకాయన అట్లాగే ఫోను చేశాడు. చాలాసేపు తిరిగాడట, విసిగిపోయి ఉన్నాడు. నేను పలక మీది పేరు చెప్పాను, చదువుతో సహా. ఆయన అదేదీ పట్టించుకోలేదు. "మేడం, మావోళ్ళు చెప్తుంటరు, పొద్దుగాల గేటు కాడ నిలవడి పూల చెట్లను తిడుతుంటది ఒకామె అని. ఆ ఇల్లేనా?"

నాకు తల కొట్టేసినట్టయింది. పూయని చెట్టును తిడతాను, నిజమే, నాలుగు మాటలు. దాన్ని ఇంతమంది విన్నారని నాకు తెలియదు. ఫోను చెవి దగ్గర పెట్టుకుని నిలబడిపోయాను. అవును అనాలి, అంతే. ఒక్క చిన్న మాటకు, అదీ ముఖం కూడా తెలియని మనిషి ముందు, నాకే ఇట్లా ఉంటే, అక్క ముందూ ఆమె బాపు ముందూ మా తాతకు ఎట్లా ఉండి ఉంటుంది? అప్పుడు ఆయన తేలిగ్గా అన్నాడనే అనుకున్నాను ఇన్నేళ్ళూ.

"అవునన్నా, చెట్లను తిట్టేది నేనే. రాండ్రి" అన్నాను.

ఆయన నేరుగా వచ్చేశాడు. నా పేరు నాకు ముద్దే, దాన్ని వదులుకోను. కానీ నా కోసం బయల్దేరి దారి తప్పిన మనిషికి ఏ పేరు దొరికితే ఆ పేరుకు పలకాలని చిన్నప్పుడే మా తాత దగ్గర చూశాను. నేర్చుకున్నానని చెప్పలేను. పిలుపు వచ్చిన ప్రతిసారీ మొదటి నుంచి నేర్చుకుంటాను, లోపల మండుతూనే పలుకుతాను.